పల్లెటింటి పైకప్పు: దాని యెన్నిక, పోషణ, మార్పు

కాపులకు తెలియవలసిన సంగతులు

ఇల్లు కట్టుకొనునపుడు కాపు పునాదిని గూర్చియు, ద్వారబంధమును గూర్చియు, దిక్కులను గూర్చియు పదిమందిని విచారించును. పైకప్పును గూర్చి మాత్రము ఊరిలో పెక్కుమంది యేది వేసికొనిరో దానినే తానును వేసికొనును. కట్టిన పిమ్మట ఇంటిలోనికి నీటిచుక్క పడువఱకు దానివంక చూడడు. చుక్క పడుసరికి లోపలి కఱ్ఱ నానియుండును. గోడ తల మెత్తబడియుండును. గాదెలోని విత్తనపు గింజలకు చెమ్మ తగిలియుండును. ఇది ధననష్టముతో ముగియునది కాదు. వానకాలమున రాత్రివేళ పాతమిద్దెలు నిద్రించువారిమీద కూలుట మన పల్లెలలో అరుదైన సంగతి కాదు. అట్లు కూలినవానిలో చాలభాగము వేసవిలో ఒక్కదినము శ్రద్ధతో చూచియున్నచో ముందుగనే తెలిసియుండెడివి.

ఈ కరపత్రములో చెప్పబడు ముఖ్యవిషయ మొక్కటే. ప్రతి పైకప్పునకును ఒక్కొక్క ముఖ్యశత్రువు కలదు. మట్టిమిద్దెకు దాని బరువే శత్రువు. రేకులకు గాలి శత్రువు. గడ్డికిని తాటాకునకును నిప్పు శత్రువు. స్లాబునకు లోపలి యినుము త్రుప్పుపట్టుట శత్రువు. నీరు నిలుచుట అన్నిటికిని శత్రువే. కాపు తన యింటి కప్పునకు శత్రువేదియో యెఱిగి, అది వచ్చుటకు ముందే తగిన పని చేసికొనవలెను.

1. కప్పుల బరువు

ఏ కప్పు వేయవలయునని ఆలోచించువాడు మొదట దాని బరువును లెక్కించుకొనవలెను. లెక్క సులభమగుటకై 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల ఒక గదిని తీసికొందము.

ఈ గదిమీద ఒక అడుగు మందమున మట్టి పఱచినచో ఆ మట్టి పొడిగా నున్నప్పుడే సుమారు 4,500 కిలోగ్రాములు తూగును. అనగా నూరు కిలోగ్రాముల బియ్యపు బస్తాలు నలువదియైదు గదిపైన పేర్చినట్లు. ముసురుపట్టి మట్టి నానినపుడు మఱి యెనిమిది తొమ్మిది బస్తాల బరువు దానికి చేరును. 4 అంగుళముల సిమెంటు స్లాబు సుమారు 2,300 కిలోగ్రాములుండును. రెండంగుళముల నాపరాతి బండలు సుమారు 1,200 కిలోగ్రాములుండును. మంగుళూరు పెంకులు రమారమి 160 పట్టును. వాని బరువు 350 మొదలు 400 కిలోగ్రాముల వఱకుండును. కఱ్ఱ బరువు వేఱు. పలుచని యినుపరేకులు 50, 60 కిలోగ్రాములకు మించవు.

ఈ లెక్కనుబట్టి రెండు సంగతులు తెలియుచున్నవి. మొదటిది, మట్టిమిద్దె స్లాబునకు రెండింతల బరువు గలది. దానిని మోయునవి కేవలము కఱ్ఱదూలములును, మట్టితోనో బురదతో కట్టిన రాతితోనో లేచిన గోడలును. రెండవది, రేకులకు తమ్ము తాము నిలుపుకొను బరువు లేదు. కట్టుననుసరించియే అవి నిలుచును.

బరువైన కప్పు ఎట్టి హాని చేయునో 1993 సెప్టెంబరు 30వ తేదీని తెల్లవారక ముందు లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతమున వచ్చిన భూకంపమున కనబడినది. అది 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములో చేరియుండిన మరాఠ్వాడా సీమ. అచ్చటి యిండ్లు మన తెలంగాణపు పాతయిండ్లవలెనే మందమైన రాతిగోడలును, వానిపైని మట్టికప్పులును గలవి. నిద్రలో నున్న వేలకొలది జనులు వాని క్రింద పడి మరణించిరి. తేలికయైన కప్పులకు గాలి యెట్టిదో 2014 అక్టోబరు 12వ తేదీని విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానున కనబడినది. గాలి వేగము గంటకు 180 కిలోమీటర్ల దరిదాపున నుండెను; రేకుల కప్పులు ఎగిరిపోయెను.

2. ఏ తావునకు ఏ కప్పు తగును

సముద్రతీరమున తుపానుగాలికి గుఱియగు తావులలో రేకులను గాని పెంకులను గాని వేయువారు నాలుగుప్రక్కల వాలు గల కప్పును కట్టుకొనుట మేలు. రెండుప్రక్కల వాలును, రెండుకొనల త్రికోణపు గోడలును గల కప్పుకంటె ఇది గాలికి బాగుగా నిలుచును. వసారా కప్పును ఇంటి పెద్దకప్పుతో కలిపి ఒకటే పరుపుగా దించరాదు. వేఱుగా కట్టినచో గాలికి వసారా పోయినను ఇల్లు మిగులును.

వాన తక్కువై యెండ మెండుగా నుండు రాయలసీమయందును, తెలంగాణపు మెట్టతాలూకాలయందును మట్టిమిద్దె పూర్వులు వాడుక చేసినది నిష్కారణముగా కాదు. మందమైన మట్టి పగటి వేడిమిని లోపలికి త్వరగా రానీయదు; ధాన్యము, మిరపకాయలు ఎండబెట్టుకొనుటకు తావిచ్చును. అయితే క్రొత్తగా కట్టువారు దానిని కట్టుకొనుట నేడు మంచిది కాదు. గట్టి టేకుదూలములు దొరకుట కష్టమైనది. ఏటేట మిద్దె చూచుకొను పనివారును తగ్గిపోయిరి. ఉన్నదానిని మాత్రము తగినవిధమున పోషించుకొనిన చాలకాలము నిలుపవచ్చును.

నాపరాయి దొరకు కర్నూలు, కడప, తాండూరు ప్రాంతములలో బండల కప్పు చవుకగా నుండును. దానియందు చూడవలసినది బండల నడిమి సందుల దర్జును, బండ నానుకొను దూలమును.

పొయ్యిమీద కఱ్ఱలతో వంటచేయు నింటికిని, గడ్డివామి ప్రక్కననున్న యింటికిని గడ్డికప్పు తగదు. వంటకు వేఱుగదిని పెంకుతో కట్టుకొని, వామిని గాలివాటు తప్పించి దూరముగా నుంచుకొన్నవారికే అది తగును.

3. మట్టిమిద్దె

మిద్దెమీద చవుటిమట్టి పోయుట ప్రాతవాడుక. దీనికి కారణము కలదు. చవుటిమట్టిలో సోడాలవణము లుండును. వానివలన బంకమన్ను రేణువులు నీటిలో ఒకదానినుండి యొకటి విడిపోయి, మట్టిలోని సన్నని రంధ్రములను పూడ్చివేయును. అందుచేత పైబడిన నీరు లోనికింకక జాఱిపోవును. పొలములో చవుడు పైరును చెఱచుటకు ఏ గుణము కారణమో ఇంటిమీద మేలుచేయుటకును ఆ గుణమే కారణము.

అయితే చవుడు పోయువారు ప్రతి సంవత్సరము చేయు తప్పు ఒకటి కలదు. కాఱినచోట పాతమట్టిని తీయకయే దానిమీద క్రొత్తమట్టిని పోయుదురు. మన లెక్కలోని గదిమీద అరయంగుళము మట్టి పోసినచో సుమారు 190 కిలోగ్రాముల బరువు చేరును. ఒక యేట ఇది కనబడదు. ఇరువదియేండ్లలో పది యంగుళముల మట్టి పెరిగి, తాతగారు వేసిన దూలముమీద ఆయన యెన్నడు తలపని బరువు పడును. మిద్దె కూలినపుడు జనులు ఆనాటి వానను నిందింతురు. నిజముగా దానిని కూల్చినది ఇరువదియేండ్ల మట్టి.

కావున నియమమిది: ఎంత మట్టి పోయుదురో అంత మట్టిని ముందు గీకి తీయవలెను. మిద్దె అంచున ఒకచోట చిన్న గుంట త్రవ్వి మట్టి మందమును కొలిచి, ఆ కొలతను సంవత్సరముతో కూడ గోడమీద వ్రాసికొనవలెను. మందము అడుగు మించినచో వేసవిలో దించివేయవలెను. ఈ కాలమున మట్టి పొరల నడుమ మందపు పాలిథిన్ పట్టాను చినుగులేకుండ పఱచి, పైన నాలుగైదంగుళముల మట్టితో సరిపెట్టుకొనుట కలదు. బరువు తగ్గుటకు ఇది మంచి యుపాయము.

నీటివాలు 10 అడుగులకు 3 అంగుళములకు తక్కువ కారాదు. తూము గోడకు వెలుపలికి అడుగున్నర పొడుచుకొని రావలెను. లేనియెడల తూమునీరు గోడవెంట జాఱి గోడ మొదలును కఱచివేయును. పిట్టగోడకును మట్టికిని నడుమ సందు లేకుండ మూలలను గుండ్రముగా మెత్తవలెను. రావి, మఱ్ఱి మొలకలను వ్రేళ్లతో పెఱికివేయవలెను. కోసినచో మరల చిగుర్చును. ఎలుకబొరియలను, చీమలపుట్టలను త్రవ్వి పూడ్చవలెను. మట్టి నానియున్నపుడు మిద్దెమీద నడువరాదు. పశువుల మేతను పేర్చరాదు.

4. పెంకు కప్పు

పెంకులు రెండు తెఱగులు. ఊరి కుమ్మరులు చేసిన గూనపెంకులొకటి. యంత్రముపై ఒత్తిన మంగుళూరు పెంకులు రెండవది. రెండవదానిని కొన్నిచోట్ల బెంగుళూరు పెంకులని పిలుతురు. బాసెల్ మిషన్ వారు 1865వ సంవత్సరమున మంగుళూరులో పెంకుల కర్మాగారమును స్థాపించిరి. నాటినుండి ఈ పెంకు దక్షిణదేశమంతట వ్యాపించినది.

పెంకు కొనునపుడు రెండు పరీక్షలు చేయవలెను. పెంకును వ్రేలాడబట్టి వ్రేలికణుపుతో కొట్టినచో కంచువలె మ్రోగవలెను; బొద్దుగా పలికిన పెంకు సరిగా కాలనిదో బీటవాఱినదో యని తెలియవలెను. రెండవది, నాలుగైదు పెంకులను పొడిగా తూచి, ఒకదినమంతయు నీటిలో నానబెట్టి మరల తూచవలెను. బరువు పొడితూకములో అయిదవ వంతునకు మించి పెరిగినచో ఆ పెంకు నీరుపీల్చునది, కొనరాదు.

వాలు చాలినంత లేనియెడల ఎంత మంచిపెంకైనను కాఱును. ఇంటి వెడల్పు 10 అడుగులైనచో నడికొప్పు గోడ తలకంటె సుమారు 3 అడుగుల యెత్తున నుండవలెను. పెంకులు కొన్న దినముననే యేబది పెంకులను ఎక్కువగా కొని నీడలో పేర్చియుంచుకొనుడు. ఒక కర్మాగారపు పెంకు మఱియొకదానిలో సరిగా కూర్చుండదు. పదియేండ్ల తరువాత అదే అచ్చు దొరకునను నమ్మకము లేదు.

గూనపెంకుల కప్పును ఏటేట వేసవిలో విప్పి, దుమ్ము, ఆకులు, చెత్త తీసి తిరుగవేయించవలెను. చెత్తచేరిన కాలువలో నీరు నిలిచి ప్రక్కకు పొర్లి వాసములను తడుపును. కోతుల బాధ గల యూళ్లలో చూరుపెంకులను, కొప్పుపెంకులను, అంచు వరుసలను తీగెతో కట్టించుకొనవలెను. మంగుళూరు పెంకునకు క్రిందిభాగమున ఇందుకై రంధ్రముగల ముక్కు చేయబడియుండును. కొప్పుపెంకుల సున్నము ప్రతి రెండుమూడేండ్లకు విచ్చును. దానిని తీసివేసి క్రొత్తగా దర్జు పెట్టించవలెను.

5. గడ్డియు తాటాకును

ఈ కప్పులకు నిలువువాలు ప్రాణము. ఇంటి వెడల్పులో సగము ఎత్తున కొప్పు ఉండవలెను. అనగా 10 అడుగుల ఇంటికి 5 అడుగులు. తాటాకు సాధారణముగా రెండుమూడేండ్లు నిలుచును. రెల్లుగడ్డి బాగుగా కప్పినచో అంతకు మించి నిలుచును. వరిగడ్డి త్వరగా కుళ్లును. పాతకప్పు కుళ్లినదానిమీదనే క్రొత్త ఆకు వేయుట తప్పు. క్రింది తేమ పై ఆకును సహితము త్వరలో చెఱచును.

నిప్పువిషయమున చూడవలసినవి: పొయ్యికి పైన రేకు అడ్డుపెట్టుట, దీపమును వాసమునకు తగిలించకుండుట, కరెంటు తీగెలను గడ్డికి తగులకుండ గొట్టములో నడుపుట, ఇంటివద్ద నీటితొట్టిని వేసవి యంతయు నింపియుంచుట. వెదురు నిచ్చెనయు, అగ్గిపడిన కప్పును లాగివేయుటకు కొంకికఱ్ఱయు చేతికందునట్లు ఉండవలెను.

6. రేకులు

రేకుమీద రాళ్లో యిసుకమూటలో పెట్టి గాలినుండి కాపాడితిమని కొందఱు తలతురు. గంటకు 180 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరుమీద సుమారు 150 కిలోగ్రాముల బలమును చూపును. కప్పుమీదుగా పోవునపుడు అది రేకును క్రిందికి నొక్కదు, పైకి పీల్చును. మన లెక్కలోని గదిమీద ఆ బలము సుమారు 1,400 కిలోగ్రాములు. పదిరాళ్లు దీనినెట్లు ఆపగలవు? పైగా ఆ రాళ్లే దొరలి పొరుగువారిమీద పడును.

కావలసినది గొలుసువంటి కట్టు. రేకు వాసమునకును, వాసము దూలమునకును, దూలము గోడకును బిగియవలెను. దూలమును బట్టు ఇనుపకడ్డీని గోడలో రెండుమూడడుగుల లోతున కాంక్రీటుతో నిలుపవలెను. ఈ గొలుసులో ఒక్క లంకె వదులైనను తక్కినవి పనికిరావు. కొక్కెములును మరలును రేకుగట్టుమీదనే వేయవలెను. పల్లములో వేసినచో నీరు కాఱును. చూరువెంటను, కొప్పువెంటను, కొనయంచులందును కొక్కెములు దగ్గఱదగ్గఱగా నుండవలెను, ఏలయనగా గాలి మొదట పట్టుకొనునది అంచునే. రేకుమీద రేకు ప్రక్కకు ఒక గట్టున్నరయు, క్రిందుమీదుగా జానెడును ఎక్కవలెను.

ఆస్‌బెస్టాసు కలిసిన సిమెంటురేకులను గూర్చి వేఱుగా చెప్పవలసియున్నది. వానిలోని సన్ననినార దుమ్ముగా లేచి ఊపిరితిత్తులలో చేరినచో చాలయేండ్ల తరువాత శ్వాసకోశ వ్యాధులును, క్యాన్సరును కలుగునని వైద్యులు నిర్ణయించిరి. ఇంగ్లండు 1999లోను, కెనడా 2018లోను దానిని నిషేధించినవి. క్రొత్తగా వేయువారు దానిని విడుచుటయే మంచిది. ఇదివఱకే ఉన్నవారు దానిని రంపముతో కోయరాదు, రంధ్రములు పొడువరాదు, గీకరాదు, పగులగొట్టరాదు. తీయవలసివచ్చినపుడు నీటితో తడిపి, ముక్కుమీద గుడ్డకాక తగిన ముసుగు ధరించి, మరలను విప్పి పూర్తిరేకుగా దించవలెను. ముక్కలను దారిలో పఱచుటయు, పశువుల పాకలో పఱచుటయు కూడదు. ఇట్టి రేకుమీద కాలుపెట్టి నడుచువారు రేకు విఱిగి పడిపోవుట తఱచు. నడువవలసినచో రెండు వాసములమీద నానునట్లు పలక వేసికొని దానిమీదనే నడువవలెను.

7. సిమెంటు స్లాబు

స్లాబునకు పోషణ అక్కఱలేదను నమ్మకము తప్పు. స్లాబులోని యినుము సిమెంటు కప్పియున్నంతవఱకే పదిలము. నీరు లోనికి దిగి యినుము త్రుప్పుపట్టినచో ఆ త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటును ఆక్రమించి, క్రింది సిమెంటును బీటలువాఱ చేసి పెళ్లలుగా రాల్చును. లోకప్పుమీద ఎఱ్ఱనిచాఱలు కనబడుట మొదటి గుర్తు. అప్పుడే నీటి దారిని వెదకి మూయించవలెను. పెళ్ల రాలినచోట సున్నము పూసి మఱుగుచేయుట వ్యాధిని దాచుటయే.

స్లాబు పోసిన పిమ్మట కనీసము పదిదినములు ఎడతెగక తడిపియుంచవలెను. ఈ పదిదినముల నీటిని మిగిల్చిన కాపు ముప్పదియేండ్ల బలమును పోగొట్టుకొనును. సముద్రపుటిసుకను కలుపరాదు, ఉప్పు ఇనుమును తినివేయును. నీరు ఒకేవైపునకు పోవునట్లు పైన వాలు పెట్టించవలెను. గొట్టముల నోళ్లను వానకుముందు ఆకులులేకుండ తీయవలెను.

స్లాబు పగటివేడిని పట్టి రాత్రివేళ ఇంటిలోనికి విడుచును. పైన తెల్లసున్నమో తెల్లనిరంగో పూసినచో ఎండ చాలభాగము తిరిగిపోవును. తెలంగాణ ప్రభుత్వము 2023వ సంవత్సరమున శీతల పైకప్పుల విధానమును ప్రకటించుటకు కారణమిదే. ఫాల్గుణమాసములో ఈ పూత వేసికొనుట మేలు.

8. కఱ్ఱ పరీక్ష

దూలము నడుమ చెడుటకంటె గోడలో దూరిన కొనవద్ద చెడుట యెక్కువ. అచ్చట గాలియాడదు, గోడ చెమ్మ తగులుచుండును, చెదలు గోడలోనుండియే ఎక్కును. కావున ఏటేట ప్రతి దూలపుకొనను, మొగరమునకు తలయు మొదలును, దంతెలకు రెండుకొనలును చూడవలెను. సుత్తితో తట్టినచో గట్టికఱ్ఱ గణగణ పలుకును. లోపల తినిపోయినది డొల్లగా పలుకును. సన్ననిమేకును నొక్కినచో అంగుళము సులభముగా దిగిన కఱ్ఱను నమ్మరాదు.

దూలము వంగినదో లేదో కంటితో తెలియదు. రెండుకొనలకు దారముకట్టి బిగువుగా లాగి, నడుమ దూలమునకును దారమునకును గల యెడమును కొలిచి గోడమీద వ్రాసికొనుడు. వచ్చు వేసవిలో మరల కొలువుడు. కొలత మాఱనిచో పాతవంపు. మాఱినచో దూలము లొంగిపోవుచున్నదని తెలిసికొని వెంటనే క్రింద గుంజ నిలిపి, దాని మొదట పలకయు తలవద్ద చీలయు పెట్టి బిగించవలెను. గుంజ మరమ్మతు కాదు. మరమ్మతు చేయువఱకు గడువు మాత్రమే.

9. ఇల్లు విడువవలసిన గుర్తులు

ఈ క్రింది గుర్తులలో ఏది కనబడినను, ముఖ్యముగా రెండుమూడు దినములు ముసురు పట్టినపుడు, ఆ గదిలో నిద్రింపరాదు.

గోడమీద దూలపుకొన క్రిందనుండి క్రొత్తబీట దిగుట. నిన్నటివఱకు సులభముగా పడిన తలుపు బిగిసిపోవుట. లోకప్పునుండి ఎడతెగక మన్ను రాలుట. కఱ్ఱ కిఱ్ఱుమని పలుకుట. గోడ కడుపు వెలికివచ్చుట. గోడ మొదట మట్టి బురదయై జాఱుట.

ఇట్టివి కనబడినపుడు సామానుకొఱకు మరల లోనికి పోరాదు. ముసలివారిని, పిల్లలను మొదట పంపి, పశువుల తలుగులను విప్పి, బడియింటికో పొరుగువారి గట్టియింటికో పోవలెను. వాన వెలిసినంతనే భయము తీఱినదని తిరిగివచ్చుట మఱియొక తప్పు. నానిన గోడ ఎండునపుడు సహితము కూలును. ఒకటిరెండు దినములు ఎండకాసిన పిమ్మట, తెలిసినవానికి చూపి, ఆ తరువాతనే లోనికి పోవలెను.

10. కప్పును మార్చు విధము

మార్పునకు తగినకాలము సంక్రాంతి మొదలు రోహిణికార్తె వఱకు. కోత ముగిసియుండును, గోడలు ఎండియుండును.

మట్టిమిద్దెను దించునపుడు ఒకేకొననుండి త్రవ్వుకొనుచు పోరాదు. ఒకప్రక్క బరువు తొలగి మఱియొకప్రక్క మిగిలినచో గోడ త్రోయబడును. ముందు క్రింద గుంజలు నిలిపి, రెండుప్రక్కలనుండి సమముగా పొరపొరగా తీయవలెను. తీసినమట్టిని మిద్దెమీద కుప్పవేయరాదు. గోడ కానించి పోయరాదు. పని జరుగుచుండగా క్రింద ఎవ్వరును ఉండరాదు.

ఆ మట్టిని ఎచ్చట పోయవలెనో కాపు ఎఱుగవలెను. పాతగోడలమన్ను పాటిమన్నువలె పొలమునకు మేలుచేయును. మిద్దెమీది చవుటిమట్టిని మాత్రము పొలములో పోయరాదు. ఇంటిమీద నీటినాపిన గుణము పొలములో పైరు నాపును. దానిని బాటగుంతలలోనో ఇంటి అరుగు లోపలనో నింపుకొనవచ్చును.

మట్టిగోడలమీద స్లాబు పోయుట ప్రాణాపాయకరము. మట్టిగోడలు నిలిచియుండగా కప్పుమాత్రమే మార్చువారు కఱ్ఱమీదనో ఇనుపగొట్టములమీదనో పెంకును గాని రేకును గాని వేసికొనవచ్చును. స్లాబే కావలెనన్నవారు పునాదినుండి లేచిన స్తంభములమీద నిలుపవలెను; ఇందుకు ఇంజనీరును విచారింపక మేస్త్రీమాట మాత్రమే వినరాదు.

ఇంటినంతయు ఒక్కయేట మార్చు శక్తిలేనివాడు నిద్రించుగదిని మొదట మార్చవలెను. సాధారణముగా జనులు వీధివైపు వసారాను మొదట మార్చుదురు, అది చూచువారికొఱకు. తరువాత విత్తనములుంచు గదిని, ఆ తరువాత పశువులకొట్టమును, తక్కినవానిని క్రమముగా మార్చుకొనవలెను.

11. ఖర్చు లెక్కించు విధము

కప్పు వెలను మాత్రమే చూచి చవుక, ప్రియము అని నిర్ణయింపరాదు. వెలను అది నిలుచు యేండ్లతో భాగించి, ఏటి పోషణఖర్చును దానికి కలుపవలెను. లెక్కచేయు తీరు తెలియుటకై యొక దృష్టాంతము: ఒక కప్పునకు 12,000 రూపాయలు పట్టి మూడేండ్లు నిలిచినచో ఏటికి 4,000 రూపాయలు. మఱియొకదానికి 60,000 పట్టి ముప్పదియేండ్లు నిలిచి, ఏటికి 1,000 రూపాయల పోషణ కావలసినచో మొత్తము ఏటికి 3,000 రూపాయలు. మొదటిది చవుకయని తోచినను రెండవదే చవుక. అయితే ఆ పోషణ చేయకపోయినచో ముప్పదియేండ్లు నిలువవలసిన కప్పు పదియేండ్లకే పోవును; అప్పుడు వెలనుబట్టియే ఏటికి 6,000 రూపాయలగును. పోషణకై ప్రతియేట వెచ్చించు వేయిరూపాయలు కాపునకు మిగులేకాని ఖర్చు కాదు.

కప్పునుండి మఱియొక లాభమును పొందవచ్చును. ఒక చదరపు మీటరుమీద ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు నీరు. 50 చదరపు మీటర్ల కప్పుమీద 100 మిల్లీమీటర్ల వాన కురిసినచో 5,000 లీటర్లు. ఈ నీటిని చూరుక్రింద గోడమొదట పడనీయక కాలువపట్టి గుంటకో బావికో పంపినచో గోడయు నిలుచును, బావియు ఊరును. ఆస్‌బెస్టాసురేకులమీదినుండి దిగిన నీటిని త్రాగుటకు వాడరాదు.

12. కార్తెలవారిగా చేయవలసిన పనులు

రోహిణికార్తె రాకముందు: దూలపుకొనల పరీక్ష, దారపుకొలత, మట్టిమందము కొలత, పెంకు తిరుగవేయుట, చెట్లకొమ్మలు నఱకుట.

మృగశిరకార్తె ప్రవేశించులోగా: తూములును గొట్టములును తీయుట, మొలకలు పెఱుకుట, స్లాబు బీటలు మూయుట, గోడమొదట మట్టి ఎత్తుచేసి నీరు వెలికిపోవునట్లు వాలుపెట్టుట.

మొదటి పెద్దవాన కురిసినదినముననే: ప్రతిగదిలోను తలయెత్తి చూచి, తడిమరక లున్నచోట బొగ్గుతో గుర్తుపెట్టుట. వాన వెలిసిన తరువాత మరక ఆరిపోవును. గుర్తు లేనిదే చోటు తెలియదు.

చిత్తకార్తెకు ముందు, తీరమునందలివారు: కొక్కెములు, కట్లు, కడ్డీలు బిగించుట. హుద్‌హుద్ తుపాను చిత్తకార్తెలోనే వచ్చినది. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెన అనూరాధకార్తె దినములలో వచ్చినది. కావున స్వాతి, విశాఖ గడచినవని కట్లు వదలరాదు.

సంక్రాంతి తరువాత: మార్పు చేయవలసిన గదిని నిర్ణయించి, సామాను తెచ్చుకొని, పని మొదలిడుట.

ఈ పనులన్నిటికి ఏటికి నాలుగైదు దినములు చాలును. నిచ్చెన, సుత్తి, మేకు, దారము, బొగ్గుముక్క తప్ప పరీక్షకు వేఱు పనిముట్లక్కఱలేదు. ఇంట చదువను వ్రాయను నేర్చిన బిడ్డయుండినచో కొలతలను ఒక పుస్తకములో వ్రాయించి, ఆ పుస్తకమును భూమి పట్టాలతోకూడ పెట్టెలో భద్రపఱచుకొనుడు.